పిట్టల గింజలు

హన్మమ్మ సంచి సర్దుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదు. ఏడాదికి రెండు మూడుసార్లయినా సర్దుకుంటుంది. పొద్దున సర్దిన సంచి సాయంత్రానికల్లా మళ్లీ మంచం కిందికి చేరుతుంది.

కానీ ఈ ఆదివారం ఆమె తన ఇత్తడి తల్లెను కూడా కడిగి, తుడిచి, పాత చీరముక్కలో చుట్టి సంచిలో పెట్టింది.

అది చూసి నవనీత చాప మీంచి లేచి వచ్చింది. అత్త కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తల్లె అది. యాభై ఏళ్లుగా అందులో తప్ప అన్నం తినలేదు. తినే తల్లె గడప దాటుతోందంటే మనిషి మళ్లీ ఈ ఇంట్లో చెయ్యి కడగదనే.

"అత్తమ్మా..."

"నన్ను పిలువకు."

"ఒక్కమాట ఇను."

"పదకొండింటికి గోపాల్‌పేట బస్సున్నది. బాలన్నకు ఫోన్ చెయ్యి, ఆటో తెమ్మని. నువ్వు చెయ్యకుంటే నడుసుకుంటనే పోత."

చాప మీద మూడు పళ్లేలున్నాయి. అన్నింట్లోనూ కొర్రన్నం ఉంది, అన్నింట్లోనూ ఒక్క బుక్క మాత్రమే తగ్గింది. చంద్రశేఖర్ ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. సింధూజ మూడో గ్లాసు నీళ్లు తాగి గొంతు పట్టుకుని కూర్చుంది.

"మమ్మీ, గొంతుల ఏందో ఇరుక్కున్నది. గడ్డిపోచ లెక్క."

"ఎనిమిది గంటలు నానబెట్టిన గదనే. వీడియోల చెప్పినట్టే చేసిన."

"వీడియోల తిన్నాంక మంచిగ నవ్విండ్రు. దగ్గలేదు."

హన్మమ్మ సంచి ముడి బిగిస్తూ మనవరాలి వైపు తిరిగింది. "పొట్టుతోని వండి పెడితె దగ్గరా మరి? కరువుల కూడ నేను నా పిల్లలకు పొట్టు పెట్టలే. మా కాలం కరువొస్తే దేవుడు తెచ్చిండు. ఈ ఇంట్ల కరువు ఫోన్లనుంచి వచ్చింది."

నవనీత పళ్లేలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ఫ్రిజ్ మీద సింధూజ అంటించిన కాగితం గాలికి రెపరెపలాడింది. 'ఇరవై ఒక్క రోజుల డిటాక్స్' అని పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసుంది. చక్కెర, మైదా, ప్యాకెట్ చిరుతిండ్లు, తెల్లబియ్యం అన్నింటికీ అడ్డగీతలు. నాలుగు గళ్లలో టిక్కులు పడ్డాయి. ఈరోజు అయిదో గడి.

మొదట సింధూజ వీడియో చూసి రాసిన జాబితాలో ఊరు పేరు తెలియని ఆకులు, గింజలు, బాదం పాలు ఉండేవి. అవన్నీ కొంటే నెల సరుకుల పైసలు వారానికే అయిపోయేవి. నవనీత కూర్చుని ఒక్కొక్కటి కొట్టేసి పక్కన తనకు తెలిసినవి రాసింది. అదేదో విదేశీ ఆకు తీసేసి పుంటికూర, మునగాకు. చియా గింజలు తీసేసి సబ్జా. బాదం పాలు తీసేసి ఇంట్లో చిలికిన సల్ల. అవకాడో దగ్గర మాత్రం ఆగిపోయింది. దానికి వనపర్తి బజారులో చుట్టమెవరూ దొరకలేదు. ఉల్లిగడ్డ అని రాసి ఊరుకుంది.

నాలుగు రోజులు జొన్నరొట్టెలతో బాగానే గడిచింది. రొట్టెలకు హన్మమ్మ కూడా ఏమీ అనలేదు. అయిదో రోజు కొర్రల దగ్గర ఇల్లు రెండయింది.

*

వంటింట్లోకి మొగుణ్ని లాక్కొచ్చి నవనీత తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పుడన్న చెప్తవా, చెప్పవా?"

చంద్రశేఖర్ గొంతు సవరించుకున్నాడు. కాలేజీ ఆఫీసులో వంద మంది పిల్లల ఫీజు తగాదాలు ఒంటి చేత్తో తీర్చే మనిషి, తల్లి ముందు మాత్రం పదేళ్ల పిల్లాడయిపోతాడు.

"మెల్లగ మాట్లాడు."

"నేను పిసినారినట. మొగనికి పొట్టు పెట్టి పైసలు దాస్తున్ననట. ఇందాక ఊర్లె కాంతమ్మతోని ఫోన్ల చెప్తుంటే నా చెవులతో ఇన్న. నీకు చక్కెర మొదలైంది, డాక్టరు మూడు నెలలు టైమిచ్చిండు, తిండి మార్చి నడిస్తే గోళీలు లేకుండనే దిగొచ్చు అన్నడు. గీ మాట చెప్పనీకి నీకేం నొప్పి?"

"నాయన కాలు మతికొస్తది అమ్మకు."

మామను నవనీత చూసింది రెండేళ్లే. చక్కెర జబ్బుకు మొదట బొటనవేలు తీసేశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలిదాకా. హైదరాబాద్ దవాఖాన నుంచి మనిషి వచ్చాడు కానీ మునుపటి మనిషి రాలేదు. అప్పుడు ఆ కట్లు విప్పి కట్టింది హన్మమ్మే.

"మూడు నెలలు ఓపిక పట్టు. దిగినాంక నేనే చెప్త, నవ్వుకుంట చెప్త. అప్పటిదాక చెప్పనని మాటిచ్చినవ్ గద."

"ఇచ్చిన. ఇచ్చి తిట్లు నేను తింటున్న. నిన్ను తినుమన్న కొర్రలే తింటలెవ్వు."

చంద్రశేఖర్ ముఖం చిన్నబోయింది. "నవనీ, నీ మీద ఒట్టు, తిందామనే చూసిన. దిగుతలేదే. ఏం గింజలే అవి?"

"కొర్రలే. బజారుల సగం ధరకు దొరికినయి. ప్యాకెట్లలో ఉన్నయి కొంటే మనతోని అయితదా?"

బయట ఆటో హారన్ మోగింది. బాలన్న వచ్చేశాడు.

*

కింద వాకిట్లో ఇంటి ఓనరు లాల్‌బీ తన లవ్ బర్డ్స్ పంజరం కడుగుతోంది. అరుగు మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న హన్మమ్మను చూసి నీళ్ల చెంబు పక్కన పెట్టింది.

"ఏంది హన్మక్కా, సవారీ ఎక్కడికి?"

"నా ఇంటికి."

"ఇది ఎవ్వరి ఇల్లు?"

"నీ ఇల్లు. కిరాయికి వీళ్లున్నరు. నడుమల నాదేమున్నది?"

లాల్‌బీ పకపకా నవ్వింది. హన్మమ్మ నవ్వలేదు.

నవనీత మెట్లు దిగివచ్చింది. చేతిలో కొర్రల సంచి ఉంది. ఆ దుకాణంవాడి ముఖాన కొట్టి వాపసు ఇచ్చేద్దామని తెచ్చింది. పనిలో పనిగా అత్తతో పాటు బస్టాండు దాకా ఆటోలో వెళ్లొచ్చు, దారిలో బతిమాలొచ్చు అని కూడా ఆమె ఆలోచన.

"జర చూడు లాల్‌బీ ఆపా, ఇవి కొర్రలు కావా? మోసం చేసిండా వాడు?"

లాల్‌బీ సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. వేళ్లతో నలిపింది. నవనీత ముఖం వైపు చూసింది. తర్వాత నడిచి వెళ్లి, పంజరం పక్కనున్న డబ్బా మూత తీసి, అందులోంచి ఇంకో గుప్పెడు తెచ్చి పక్కన పెట్టింది.

రెండు గుప్పెళ్లూ ఒకటే. గింజకు గింజ ఒకటే.

"మూలమీది దుకాణంల తెచ్చినవా? గుమ్మం బయట బస్తాల పెడ్తడు?"

"అవును."

"అరే అల్లా! అవి నా పిట్టల గింజలు నవనీతా! మనుషులకు లోపల అమ్ముతడు. బయట బస్తా పిట్టలకు."

"మరి వీటికెట్ల అరుగుతయి?" అంది సింధూజ మెట్ల మీద నుంచి.

"వాటికి ముక్కున్నది బేటీ. ఒక్కొక్కటి ఒలుచుకొని తింటయి. మీ డాడీకి ముక్కున్నదా?"

ఆటోలో కూర్చున్న బాలన్న ముందు నవ్వాడు. తర్వాత సింధూజ నవ్వింది. పైన పిట్టగోడ మీద నుంచి తొంగిచూస్తున్న చంద్రశేఖర్ తన ముక్కు తడుముకుని తానూ నవ్వేశాడు. నవనీతకు ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చింది. అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

హన్మమ్మ మాత్రం ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆమె వీపు కూడా ఒకటి రెండుసార్లు అదిరినట్టే అనిపించింది కానీ, నవనీత ఆ సంగతి ఎత్తలేదు.

"వాపసు ఎందుకు? గింజ మంచిదే. పొట్టు దంచితే పోతది," అంది లాల్‌బీ. "మా అమ్మ దంచేది. అగో, ఆ రోలు అదే."

వాకిలి మూల రోలుంది. పదేళ్లుగా అది కోళ్లకు నీళ్ల తొట్టి. సింధూజ దాన్ని ఒంచి నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది, పాతగుడ్డతో తుడిచి ఎండలోకి జరిపింది. లాల్‌బీ అటక మీద నుంచి రోకలి తీసింది. దాని చివర ఇనుప పొన్ను తుప్పు పట్టి ఉంటే ఇసుకతో తోమింది.

"హన్మక్కా, బస్సుకు ఇంక గంటున్నది. కూర్చొని చూడు," అంది.

"నేనెందుకు చూస్త?" అంటూ హన్మమ్మ ఓరకంట చూసింది.

*

సింధూజ మొదటి దెబ్బ వేసింది. గింజలు సగం రోట్లో మిగిలాయి, సగం వాకిలంతా చిమ్మాయి. లాల్‌బీ కోళ్లు ఎక్కడెక్కడి నుంచో పరుగెత్తుకొచ్చాయి.

నవనీత అందుకుంది. ఆమె రెండు చేతులతో రోకలి ఎత్తి, పళ్లు బిగించి వేసింది. దెబ్బ రోలు అంచుకు తగిలి ఖంగుమంది. పంజరంలో పిట్టలు కకావికలయ్యాయి.

"హిమ్మత్ బాగనే ఉన్నది," అంది లాల్‌బీ జాలిగా.

మూడో దెబ్బ. నాలుగో దెబ్బ. గింజలు పిండవుతున్నాయి, పొట్టు మాత్రం పొట్టులాగే ఉంది.

"రోట్లె దంచుతున్నవా, బాయి తవ్వుతున్నవా?"

ఆ గొంతు అరుగు మీద నుంచి వచ్చింది. ఎవరూ తలెత్తి చూడలేదు. చూస్తే మళ్లీ గోడవైపు తిరుగుతుందని ముగ్గురికీ తెలుసు.

ఇంకో దెబ్బ పడింది.

"అయ్యో, కొట్టొద్దే! ఇడిసిపెట్టాలె. దాని బరువుకు అదే పడ్తది. నీకు కోపముంటే నన్ను కొట్టు, గింజేం చేసింది?"

ఇంకో దెబ్బ.

సంచి అరుగు మీద ధబ్బున పడింది. హన్మమ్మ దిగి వచ్చి, కుచ్చిళ్లు పైకి దోపి, కోడలి చేతిలోంచి రోకలి గుంజుకుంది.

డెబ్బయి ఏళ్ల ఆ చేతుల్లోకి రాగానే రోకలి బరువు తగ్గినట్టయింది. కుడిచేత్తో ఎత్తింది, వదిలింది. పడి లేచేటప్పటికి ఎడమచెయ్యి అందుకుంది. ఎత్తింది, వదిలింది. దెబ్బ దెబ్బకూ "హుం" అని చిన్న ఊపిరి. గింజ ఒక్కటి కూడా బయటికి రాలేదు. కోళ్లు కాసేపు నిలబడి చూసి, ఇక లాభం లేదని వెళ్లిపోయాయి.

బాలన్న హారన్ కొట్టాడు. "అమ్మా, బస్సు!"

"జర ఆగు!" అంది హన్మమ్మ, రోకలి ఆపకుండానే.

మొదటి దంపు అయ్యాక చాటలో పోసి చెరిగింది. గాలికి పొట్టు పొగలా లేచి వాకిలి దాటింది. మళ్లీ రోట్లో పోసింది. రెండో దంపు నవనీత చేత చేయించింది. మోచెయ్యి పట్టి చూపించింది. నడుం వంచొద్దంది. రోకలి లేచేటప్పుడు ఊపిరి పీల్చుకొమ్మంది. పదో దెబ్బకు నవనీత చేతికి ఆ లయ దొరికింది. పాతిక దెబ్బలయ్యేసరికి అత్త "హుం" అనడం, కోడలు రోకలి వదలడం ఒకటయ్యాయి.

"హన్మక్కా, నువ్వు కొడుకుకు కొర్రలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నవంట గద?" అంది లాల్‌బీ, ఏమీ ఎరగనట్టు.

హన్మమ్మ నుదుటి చెమట తుడుచుకుంది.

"మా శేఖరు అయిదేండ్లోడు అప్పుడు. కరువు పనికి పోయి మన్ను మోస్తుంటిమి. జొన్నరవ్వతోని కాచిన గట్క, అది కూడ నీళ్లల్ల ఈదుతుండె. ఎవ్వరింట్లనో పెండ్లయితే వీనికింత తెల్లబువ్వ పెట్టిండ్రు. ఇంటికొచ్చి రోజు అడుగుతడు, అమ్మా, మల్ల పెండ్లెప్పుడు అని. ఎవ్వరి పెండ్లిరా అంటే, ఎవ్వరిదన్న సరే అంటడు." ఆమె చాట అందుకుని రెండుసార్లు చెరిగింది. "ఇగ ఆ దినం ఒట్టు పెట్టిన. నా కొడుకు తల్లెల మల్ల గట్క పడనియ్య అని."

పిట్టగోడ మీద చంద్రశేఖర్ కనిపించలేదు. లోపలికి వెళ్లినట్టున్నాడు.

"ఒట్టు గట్క మీద పెట్టినవా, కొర్రల మీద పెట్టినవా?"

హన్మమ్మ చాట ఆపి లాల్‌బీ వైపు చూసింది.

"గట్క మీదనే," అంది చివరికి. "కొర్రన్నం మాకెక్కడిది? సుట్టాలొస్తే వండుతుండె. అది పండుగ బువ్వ."

"మరింకేంది!"

"మరింకేందంటే..." హన్మమ్మ కోడలి వైపు తిరిగింది. పొద్దున్నుంచి మొదటిసారి నేరుగా చూసింది. "పండుగ బువ్వను పొట్టుతోని వండుతదానె ఎవ్వతన్న? నన్నొక్క మాట అడిగితే నీ సొమ్ము పోతదా?"

"అడిగితే తిడ్తవని."

"తిట్టినాంక చెప్తుంటి గద!"

మూడో దంపు అయ్యేసరికి చాటలో గింజ మారిపోయింది. పొద్దున మట్టిరంగులో ఉన్నది ఇప్పుడు లేత పసుపు రంగులో, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్లలా మెరుస్తోంది. సింధూజ ఫోన్ తీసి ఫోటో కొట్టింది.

బాలన్న ఆటో దిగి లోపలికి వచ్చాడు. "అమ్మా, బస్సు పోయింది."

"పోతే పోనీ. దానికి నేనొక్కదాన్నేనా? కూర్చో, తిని పో."

*

రెండు గంటలకు అందరూ లాల్‌బీ వాకిట్లోనే చాపలు పరిచారు. హన్మమ్మే వండింది. నీళ్లెన్ని పొయ్యాలో వేలి గణుపుతో కొలిచి చూపించింది. ఎసరు ఇంకాక మూత మీద బరువు పెట్టి, పావుగంట దాకా ఎవరినీ ముట్టనియ్యలేదు. పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, చిక్కటి సల్ల. లాల్‌బీ ఇంట్లోంచి పల్లీలు, మిరపకాయలు నూరిన తొక్కు వచ్చింది.

సింధూజ ఒక్క బుక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అందరూ దగ్గు కోసం చూశారు. దగ్గు రాలేదు.

"నానమ్మా, నువ్వు ఛానల్ పెడితే ఆ వీడియో ఆమె దుకాణం మూసుకుంటది."

"మూసుకోనీ. ఆమె పిట్టలకు చెప్పుకుంటది."

నవనీత అందరికీ వడ్డిస్తూ, అరుగు మీదున్న సంచి వైపు ఒకసారి చూసింది. సంచి ముడి విప్పి ఉంది. చీరముక్క విడిగా పడి ఉంది. ఇత్తడి తల్లె చంద్రశేఖర్ ముందు ఉంది. యాభై ఏళ్లలో హన్మమ్మ ఆ తల్లెను ఇంకొకరికి పెట్టడం నవనీత ఎరగదు. చంద్రశేఖర్ తలవంచుకుని తింటున్నాడు. అయిదు రోజుల్లో మొదటిసారి, తిండిని తిండిలా తింటున్నాడు.

ఆమెకు ఒక్కసారిగా ఒళ్లంతా తేలికయింది. ఇరవై ఒక్క రోజులేమిటి, ఇలాగైతే మూడు నెలలూ గడుస్తాయి. నెల పైసలు నెలకు సరిపోతాయి. ఆయన నెత్తురు పరీక్ష చేయించుకుని నవ్వుతూ వస్తాడు. అప్పుడు చెప్పొచ్చు. అత్త తిడుతుంది, తిట్టాక నవ్వుతుంది.

ఖాళీ గిన్నెలు కడగడానికి నల్లా దగ్గరికి వెళ్తే, హన్మమ్మ అన్నం గిన్నె, గరిటె పట్టుకుని వెనకే వచ్చింది. నల్లా తిప్పింది. నీళ్ల చప్పుడులో, గిన్నె వైపే చూస్తూ అడిగింది.

"వానికి ఎంత చెప్పిండ్రు?"

"ఏంది అత్తమ్మా?"

"చక్కెర."

నవనీత గిన్నె తోమడం ఆపింది.

"వారం సంది చూస్తున్న. పొద్దుగాల లేస్తూనే మంచం మీద కూసోని అరికాళ్లు తిప్పి చూసుకుంటుండు. ఒక్కొక్క వేలు ఇడదీసి చూసుకుంటుండు." హన్మమ్మ గొంతు ఎంతో మామూలుగా ఉంది. "వాళ్ల నాయన గట్లనే చూసుకునేటోడు. నువ్వన్న చెప్తవని చూసిన. చెప్పకపోతివి. గందుకే సంచి సదిరిన. పొట్టుకు కాదు."

అవునని అంటే మొగుడికి నవనీత ఇచ్చిన మాట పోతుంది. కాదంటే ఇప్పుడే దగ్గరికొచ్చిన మనిషి మళ్లీ సంచి పట్టుకుంటుంది.

"అమ్మా!" వెనక నుంచి చంద్రశేఖర్ పిలిచాడు. ఇత్తడి తల్లె చేత్తో పట్టుకుని, మీసాలకు సల్ల అంటుకుని, పండుగనాటి పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. "శానా మంచిగున్నదే. ఇంకింత ఉన్నదా?"

గిన్నెలో ఇంకా నాలుగు గరిటెల కొర్రన్నం ఉంది. ఆవిరి పోతూనే ఉంది.

హన్మమ్మ కొడుకు ముఖం చూడలేదు. నల్లా కట్టేసి, గరిటె తీసి కోడలి తడి చేతిలో పెట్టింది.

"నీ పెండ్లామునడుగు, పెట్టాల్నో వద్దో," అంది. "నాకంటే ఆమెకే ఎరుక."